మలేసియా తోటలో దీపం పెట్టిన ముసలామె

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చులకనే. పనీపాటా లేనివాళ్లో, చేసిన తప్పును దేనిమీదికైనా నెట్టాలనుకునేవాళ్లో తప్ప ఇంకెవరూ అలాంటివి చెప్పరని నా అభిప్రాయం. ఇది రాస్తున్నప్పుడు కూడా అది పెద్దగా మారలేదు.

మాది అశ్వారావుపేట. అక్కడి పామాయిల్ మిల్లులో బాయిలర్ ఆపరేటర్‌గా చేసి, అదే పనిమీద మలేసియా వెళ్లాను. విదేశమని మావాళ్లు గొప్పలు పోయారు. తీరా చూస్తే అవే పామాయిల్ తోటలు, అదే మురిగిన గెలల వాసన.

వెళ్లేముందే పద్మక్కతో మాటలు పోయాయి. అక్క దమ్మపేటలో ఉంటుంది. నా ప్రయాణం బాగుండాలని ఎవరి దగ్గరో తాయెత్తు కట్టించుకొచ్చింది. బావ ఎదుటే నేను దాన్ని చెత్తలో పారేసి, డిగ్రీ చదివినా బుర్ర పెరగలేదని నవ్వాను. ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. తర్వాత ఆమె ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. నాకో అక్క ఉందని మలేసియాలో ఎవరికీ చెప్పనేలేదు.

ఆ ఏడు దీపావళి రెండు చోట్లా ఒకే రోజు పడింది. మా క్వార్టర్లలోని తమిళులు మురుకులు పంచి, మెట్ల మీద బ్యాటరీ దీపాలు పేర్చి దండాలు పెట్టారు. నూనె అడగని దీపానికి భక్తి ఒకటా అనిపించింది. ఫొటోకు రమ్మంటే తప్పించుకుని తోటవైపు నడిచాను. సాయంత్రం ఏడు కావస్తోంది, అక్కడ అప్పటికి ఇంకా వెలుతురుంటుంది.

మొదటి వరస చెట్ల కింద ఒక ముసలామె కూర్చుని మట్టి ప్రమిదలో నూనె పోస్తోంది. నేను దాటిపోతుంటే తల ఎత్తకుండానే అంది.

"పద్మను చిచ్చుబుడ్డి కాడికి పోనియ్యకు బిడ్డా. జల్దీ ఫోన్ చెయ్."

అచ్చం మా వైపు మాట. ఎవరు పంపారని అడిగాను. వత్తి సరిచేసుకుంటూ ఉండిపోయింది. నా ఫోన్‌లో పేరు చూసి రూమ్మేట్లు వేయించిన వేషమే అనుకున్నాను.

"మంచిగనే నేర్పిన్రు నీకు," అని వెటకారంగా అనేసి వచ్చేశాను. ఫోన్ జేబులోనే ఉంది.

తొమ్మిది దాటాక బావ ఫోన్ చేశాడు. మన దగ్గర అప్పుడు ఆరున్నర. చిచ్చుబుడ్డి వెలగలేదని అక్క వంగి చూస్తుంటే పేలిందట. ఖమ్మం దవాఖానాకు తీసుకుపోతున్నామన్నాడు. కుడి కన్ను దక్కలేదు.

ముసలామె నాతో మాట్లాడినప్పుడు దమ్మపేటలో నాలుగున్నర. అప్పటికి అక్క వాళ్లింట్లో టపాకాయల సంచి కూడా విప్పలేదని తర్వాత బావే చెప్పాడు.

మర్నాడు రూమ్మేట్లను ఒక్కొక్కరినీ నిలదీశాను. పద్మ అనే పేరే వాళ్లు వినలేదు. అక్కడ తాతల కాలం నుంచీ ఉంటున్న తెలుగు కుటుంబాలు రెండున్నాయి. వాళ్ల మాట వేరు, అలాంటి ముసలామెను వాళ్లూ ఎరగరు. ఆమె కూర్చున్న చోట ఎండు మట్టల మీద నూనె చుక్క లేదు, మసి లేదు. పండక్కి చనిపోయిన పెద్దలు వస్తారని తోటి ఆపరేటర్ ఒకడు మొదలుపెడితే నోరు మూసుకోమన్నాను.

పోయినేడు తిరిగొచ్చాక అక్కకు అంతా చెప్పాను. నమ్మవేమోనన్నాను. ఆమె దయ్యం గురించి ఒక్క ముక్క అడగలేదు. ఉన్న ఒక్క కంటితో నన్నే చూస్తూ కూర్చుంది.

"రెండు గంటలున్నయ్ కదరా తమ్మీ," అంది.

ఆ ముసలామె ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. దయ్యమని ఎవరన్నా అంటే ఒప్పుకోను. అక్క ఆ మాట అన్నాక మాత్రం లేచి చెప్పులేసుకుని బయటికొచ్చాను.