మా వదిన జడ, నా శనివారాలు

మొన్న శనివారం మధ్యాహ్నం కొరియర్ అతను మా మణుగూరు క్వార్టర్ తలుపు కొట్టి ఒక అట్టపెట్టె చేతిలో పెట్టి వెళ్ళాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అమ్మాయి సెలవు పెట్టి ఇంటికొచ్చి ఉంది, పెట్టె దానిదే. విప్పితే నూనె సీసా. సీసా మీద మోకాళ్ళ దాకా జుట్టు విరబోసుకున్న పిల్ల బొమ్మ, కింద "భద్రాచలం అడవుల మూలికలతో" అని రాత. తయారైంది మాత్రం నేను పేరు కూడా వినని ఏదో ఊళ్ళో. మా వంటింటి కిటికీ తెరిస్తే కనపడేది ఆ అడవే. దాని పేరు పెట్టుకున్న సీసా ఎక్కడెక్కడో తిరిగి మళ్ళీ అడవి పక్కకే వచ్చి చేరింది. "జుట్టు రాలిపోతోందమ్మా, దువ్వితే కుచ్చులు కుచ్చులుగా వస్తోంది" అంది మా అమ్మాయి. రాలదా మరి? పొద్దున పాలు లేని కాఫీ, మధ్యాహ్నం గిన్నెడు కీరా ముక్కలు, చీకటి పడ్డాక మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టదు. ఎప్పుడు తినాలో ఎప్పుడు మానాలో ఫోన్ గంట కొట్టి చెబుతుందట. నెత్తికి ఇంత ఖరీదైన నూనె, కడుపుకు కీరా! నాకు ఒళ్ళు మండిపోయింది. ఒళ్ళు మండేసరికి మా వదిన గుర్తొచ్చింది, ఎందుకంటే ఈ రకం తెలివి మా ఇంట్లో ఇదే మొదలు కాదు.

మా వదిన అంటే మా ఆయనకు అక్క. పర్ణశాల దగ్గర గోదావరి ఒడ్డు పల్లెలో ఉంటుంది, మిర్చి తోట వాళ్ళది. ఆమె జడ ఆ చుట్టుపక్కల ఒక వింత. నా పెళ్ళికి వచ్చినవాళ్ళు పెళ్ళికూతురిని వదిలేసి ఆ జడనే చూశారు. ఫోటోల్లో కూడా నా ముఖం సగమే పడింది, ఆమె జడ మాత్రం మొదలు నుంచి చివరి దాకా పడింది. ఆ ఫోటో తీసినాయన్ని నేను ఈరోజుకీ క్షమించలేదు. ఆమె తలంటుకుందంటే అదొక పండగ. ముందురోజే కుంకుడుకాయలు నానబెట్టాలి, నీళ్ళ కాగు కింద వాళ్ళాయన కట్టెలు ఎగదోయాలి, ఆ తర్వాత బోర్లించిన బుట్ట కింద సాంబ్రాణి వేసి, బుట్ట మీద జుట్టు పరుచుకుని ఆమె పడుకోవాలి. ఆ పొగ వాసన, తడి జుట్టు వాసన కలిసి ఇల్లంతా తిరుగుతుంటే మాకెవరికీ అన్నం ఊసే ఉండేది కాదు. ఆమెకు అసలే ఉండేది కాదు.

మా అమ్మాయి ఇంకా తప్పటడుగులు వేసే రోజుల్లో ఒక వానాకాలం వదినకు మలేరియా వచ్చింది. జ్వరం తగ్గింది, అందరం మరిచిపోయాం. రెండు మూడు నెలలు గడిచాక జుట్టు ఊడటం మొదలైంది. ఇక ఊరంతా వైద్యులే. బోరు నీళ్ళని ఒకరు, మిర్చి ఏరడానికి వచ్చిన కూలీల దిష్టని ఒకరు, షాంపూ ప్యాకెట్లని ఒకరు. జ్వరమని గానీ, తిండని గానీ ఒక్కరూ అనలేదు. వదిన భద్రాచలం రామయ్యకు మొక్కుకుంది, జుట్టు నిలబడే దాకా శనివారం ఒక్కపొద్దు ఉంటానని. అంటే మధ్యాహ్నం ఒకసారి తిని రాత్రికి ఏమీ ముట్టకపోవడం. జుట్టు నిలబడలేదు. రామయ్య ఒక్కడితో అయ్యే పని కాదనుకుందో ఏమో, శివుడికని సోమవారం కలిపింది. అయినా ఊడింది. బాబాకని గురువారం కూడా కలిపింది.

అలాంటి స్థితిలో మా ఆయన ఆమెను దవాఖానాలో చూపించడానికి మా క్వార్టర్‌కు తీసుకొచ్చాడు. ఆమె తిండి చూసి నాకు మతి పోయింది. మూడు రోజులు ఒక్కపొద్దులు. మంగళవారం, శుక్రవారం నీసు ముట్టదు. గుడ్డుకూ చేపకూ మిగిలింది బుధవారం, ఆదివారం. బుధవారం ఆకలి లేదనేది. ఆదివారం తమ్ముడికి ముక్కలన్నీ వడ్డించి, అడుగున మిగిలిన పులుసు తాను పోసుకునేది. మధ్యలో ఆకలేస్తే చాయ్. పొద్దున తల దువ్వుకుని, ఊడినదంతా ఉండ చుట్టి, కిటికీ చువ్వకు కట్టిన కవర్లో దాచేది. ఒకరోజు "ఎంటికలకు గిన్నెలూ" అని అరుచుకుంటూ మోపెడ్ అతను వచ్చాడు. వదిన ఆ కవరిస్తే అతను స్టీలు డబ్బా ఇచ్చాడు, మూత బిగుతుగా పట్టే మంచి డబ్బా. "అమ్మా, మంచి పొడుగు ఎంటికలు, ఇంక జమచెయ్యి, మళ్ల వస్త" అని సంతోషంగా వెళ్ళిపోయాడు. ఈమె కూడా డబ్బా కొంగుతో తుడుచుకుంటూ సంతోషంగానే లోపలికొచ్చింది. నెత్తి మీది జుట్టు డబ్బాగా మారుతుంటే సంతోషించే మనిషితో ఏం మాట్లాడతాం? అయినా మాట్లాడాను. నా సంగతి మీకు తెలియదు.

డాక్టరమ్మ కనురెప్ప కిందికి లాగి చూసింది, పరీక్ష చేయించింది. రక్తం బాగా తక్కువగా ఉందంది. జ్వరం తర్వాత జుట్టు రాలడం మామూలేనని, సరిగ్గా తింటే కొన్ని నెలల్లో దానంతట అదే వచ్చేదని, ఆ వచ్చే వేళకు ఈమె తిండి మానేసి దాన్ని రాకుండా చేసుకుందని చెప్పింది. పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర తినమంది. జుట్టు మాంసకృత్తులతోనే తయారవుతుందని, పై నుంచి నూనె పోస్తే పుట్టదని విడమరిచింది. ఐరన్ మాత్రలిచ్చి, వాటిని చాయ్‌తో మాత్రం మింగొద్దంది. వదిన వాటిని చాయ్‌తోనే మింగింది. ఒక్కపొద్దు రోజుల్లో అసలు మింగలేదు.

"వదినా, జుట్టు కోసం ఉపాసం, ఉపాసంతోటి జుట్టు ఊడుడు, ఊడినందుకు ఇంకో ఉపాసం. గిట్లయితే నీకు వారంల దినాలు సాలయ్."

"దేవునితోటి లెక్కలేందే? నాలుగక్షరాలు సదువుకున్నవని నోరెక్కువ నీకు."

"మంచిగ తింటున్న గనుకనే నోరు లేస్తంది. నా జుట్టు సూడు, ఒక్కటి రాలదు."

"నీ జుట్టా? ఎలుక తోకంత లేదు, మళ్ల దానికి గుడ్లు మేపుతున్నవ్."

మా ఆయన పేపర్ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన నవ్వుతున్నాడని పేపర్ ఊగడం చూస్తే తెలుస్తూనే ఉంది.

ఒక గురువారం పెరట్లో దుప్పటి పిండుతూ పిండుతూ వదిన అలాగే కూలబడింది. దవాఖానాలో సెలైన్ ఎక్కుతుంటే పక్కన కూర్చుని తిడదామని నోరు తెరిచాను. ఆమె ముఖం చూసి తిట్టలేకపోయాను. ఆ నడుము దాటిన జడ చిటికెన వేలంత అయింది, దిండు మీద అలా పడి ఉంది. "భయమైతందే" అంది. "మొక్కు తప్పితే ఉన్న నాలుగు ఎంటికలు గూడ పోతయ్. నా పురుటప్పుడైతే అప్పటి ఒక్కపొద్దులు నా బదులు మా అమ్మ ఉండె. ఇప్పుడెవలున్నరు?"

"నేనుంట" అన్నాను. అనేశాక గానీ ఏమన్నానో నాకు అర్థం కాలేదు. నాకు మొక్కుల మీద నమ్మకం లేదు, ఆకలికి అసలే ఆగలేను.

"నువ్వా?" అని ఆమె సెలైన్ చేత్తోనే లేవబోయింది.

ఆ తర్వాత ఆమె మా ఇంట్లోనే ఉన్న నెలలు తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు కాలుతుంది. సోమవారం రాత్రి నేను ఖాళీ కడుపుతో పొయ్యి ముందు నిలబడి ఆమెకు గుడ్డు పొరటు వేయించాలి. ఆమె ఎదురుగా కూర్చుని "ఉప్పు సాలలే" అనాలి. పోపు డబ్బా మూత చప్పుడైతే చాలు, "ఏయ్, పల్లీలు నోట్లేసుకున్నవా?" అని కేక. నిమ్మకాయ పిండిన పప్పు, మునగాకు వేపుడు, నువ్వుల ఉండ, ఏది పెడితే అది తిన్నది. తన మొక్కు భద్రంగా నడుస్తోందన్న ధైర్యంతో మాత్రలు కూడా నీళ్ళతోనే మింగింది. ఎండాకాలం వెళ్ళే వేళకు నుదుటి అంచున పసిపిల్లకు లేచినట్టు సన్నటి వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నూనె పెట్టినా పడుకోవు. వాటిని అద్దంలో చూసుకుని ఏడ్చింది. ఊరికి పోతూ స్టీలు డబ్బా నాకే ఇచ్చి, "సోమారం, గురువారం ఇడిసిపెట్టు. శనారం మాత్రం ఉండు, అది రామయ్యది" అంది. జడ మునుపటంత రాలేదు గానీ, జడ అనిపించుకునేంత వచ్చింది.

నేను శనివారం ఉంటూనే వచ్చాను. మానితే ఆమె జుట్టు ఊడుతుందని కాదు, ఊడితే నన్నంటుందని.

ఇదంతా మొన్న మా అమ్మాయికి గట్టిగా చెప్పి, "రాత్రికి పప్పు చేస్తున్నా, నోరు మూసుకుని తిను" అన్నాను. అది తాపీగా, "ముందు నువ్వు తిను. శనివారం రాత్రి నువ్వు తినగా నేను పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు. నీకు రామయ్య చెప్పాడు, నాకు ఫోన్ చెప్పింది" అంది. వెంటనే వదినకు ఫోన్ చేశాను.

"వదినా, ఈ ఒక్క శనారం నీ మొక్కు తప్పుత. పిల్ల తింటలేదు."

"ఏ మొక్కే?"

"నీ జుట్టు మొక్కు!"

"గది ఎన్నడో తీర్చిన గదనే. మీ అన్నయ్యా నేనూ భద్రాచలం పోయి మూడు కత్తెర్లిచ్చొచ్చినం. నీ పిల్ల అప్పటికి బడికి గూడ పోతలే."

"మరి నాకు చెప్పలేదేంది?"

"నువ్వడిగినవా? నీకు భక్తి కుదిరిందనుకున్న, మంచిదే గద అని ఊకున్న. సరే గానీ, పిల్లకు ముందుగాల రక్తం పరీక్ష చేపియ్యి. నెత్తికి నూనె పోస్తే ఎంటికలు పుడతయా? మునగాకు పెట్టు. మాత్రలిస్తే చాయ్‌తోని మింగనియ్యకు."

నా మాటలే నాకు అప్పజెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆ రాత్రి మా అమ్మాయి నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుని నా పక్కన కంచం పెట్టుకుంది. దాని ఫోన్ గంట కొడితే దిండు కింద తోసేసింది. ఇద్దరం రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాం. సోమవారం పరీక్షకు తీసుకెళ్ళాలనుకున్నాను. హైదరాబాదు వెళ్ళేటప్పుడు వదిన డబ్బా నిండా నువ్వుల ఉండలు పెట్టి పంపాలి. చేయి కడుక్కుని వచ్చి, నేను తినకుండా వదిలేసిన శనివారం రాత్రులను వేళ్ళ మీద లెక్కపెట్టబోయాను, వేళ్ళు చాల్లేదు. రోజూ కాస్త కాస్త పోతున్నప్పుడు జుట్టు లాగే కాలమూ చప్పుడు చేయదు. ఏదో ఒకనాడు దువ్వెనకు చుట్టుకుని కనపడ్డాకే, ఇంత పోయిందా అని చూస్తాం.