ఎంత అదిమినా నీరు కాని గాలి

మొన్న పొద్దున పొయ్యి మంట సన్నబడిందని మా కోడలు అంటుండగానే, నాలుగు రోజులు ఉండి పోదామని మా ఊరు రామారెడ్డి నుంచి మా ఇంటికి వచ్చిన వదిన గుడ్డ తడిపి, గ్యాసు సిలిండరును పైనుంచి కిందిదాకా తుడిచి, దాని ముందు పీట వేసుకొని కూర్చుంది. మన వయసు వాళ్ళకు ఇది కొత్త కాదు. పైన తడి తొందరగా ఆరిపోతుంది, లోపల గ్యాసు నీరుగా ఉన్నంత మేర ఆరక నిలుస్తుంది, ఆ గీతను చూసి ఇంకెన్నాళ్ళు వస్తుందో చెప్పుకునేవాళ్ళం. ఫోను నొక్కి గ్యాసు బండ తెప్పించుకునే కాలం కనుక కోడలికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. అలాగని బాధపడ్డానా అంటే అదీ లేదు. అన్న పోయినప్పటినుంచి నాకు రెండూ సరిగా రావడం లేదు.

నేను ఎల్లారెడ్డి కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పడానికి చేరిన కొత్తలో అన్న కామారెడ్డిలో రైసుమిల్లు పనికి పోయేవాడు. బాపు పోగానే బడి మానేసి, తవుడు దుమ్ములో నిలబడి నన్ను చదివించినవాడు కనుక, నేను చెప్పే పాఠాల మీద తనకూ హక్కు ఉందని గట్టిగా నమ్మేవాడు. ఆదివారం నేను ఇంటికి వెళ్ళడం ఆలస్యం, "ఈ వారం ఏం పాఠం చెప్పినవ్ తమ్మీ?" అని అరుగు మీద కూలబడేవాడు, చెప్పకపోతే వదిలేవాడు కాదు. ఒక ఆదివారం సందిగ్ధ ఉష్ణోగ్రత గురించి చెప్పాను. ప్రతి వాయువుకూ ఒక వేడి హద్దు ఉంటుందని, ఆ హద్దుకు పైన ఉన్నంతసేపు ఎంత అదిమినా అది నీరుగా మారదని, హద్దు కిందికి చల్లబడ్డాక తగినంత అదిమితే మారుతుందని వివరిస్తే, అన్న మీసం దువ్వుకుంటూ విని, "మా మిల్లు షావుకారి లెక్కనే గదా. గరం మీదున్నప్పుడు ఎంత ఒత్తిడి జేసినా వినడు, సల్లవడ్డంక ఒక్క మాటకే మెత్తగైతడు" అన్నాడు. రిటైరయ్యేదాకా ఏటేటా పిల్లలకు ఆ షావుకారి మాటే చెబుతూ వచ్చాను, పుస్తకంలోని నిర్వచనం కంటే వాళ్ళకు అదే గుర్తుండేది.

తవుడు దుమ్ము ఊరికే పోలేదు. ముసలితనంలో అన్నకు ఊపిరి అందడం మానేసింది, ఇక ఆస్పత్రిలో చేసేది లేదని పంపించేస్తే, కామారెడ్డి నుంచి ఆక్సిజన్ సిలిండరు తెచ్చి మంచం పక్కన నిలబెట్టారు. ఒక పొద్దున నేను వెళ్ళేసరికి వదిన గడపలో నిలబడి ఉంది, చేతిలో తడిగుడ్డ. నాకు ఉద్యోగం వచ్చిన నాటినుంచి ఆమె నన్ను ఎగతాళికి సారూ అనే పిలుస్తుంది, ఆ రోజు మాత్రం అందులో ఎగతాళి లేదు. "సారూ, పైనుంచి కిందిదాంక ఒక్కతీరుగ ఆరింది. ఒడిసిపోయింది గావచ్చు, ఇగ ఆయన ఎట్ల?" అంది. వంటగ్యాసు సంగతి వేరు వదినా, దాని హద్దు మన ఎండలకంటే పైన ఉంటుంది కనుక బండలో నీరై కూర్చుంటుంది, ఆక్సిజన్ హద్దు మంచుగడ్డ చలికంటే ఎంతో కింద, అందుకని ఎంత అదిమినా అందులో గాలే ఉంటుంది, గీత రాదు, నువ్వు పైన ఆ మీటరు ముల్లు చూడు చాలు అని చెప్పి ముల్లు చూపించాను. చాలా ఉంది. మంచం మీద అన్న మూతికి తగిలించిన తొడుగు లోపలే నవ్వాడు, పాఠం తనకు ముందే వచ్చన్నట్టు. అయినా వదిన మనసు ఊరుకోలేదు, అన్న ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున తుడిచి చూసుకునేది.

అన్న పోయిన రోజు వదిన కంట చుక్క రాలలేదు. మా దిక్కు చావింట్లో ఆడవాళ్ళు గొంతెత్తి శోకం పెట్టాలి, అందులోనూ పెండ్లాం పెట్టాలి. వచ్చినవాళ్ళంతా ఆమె మెడ చుట్టూ చేతులేసి, "ఏడువు బిడ్డా, ఏడిస్తె పానం తేటగైతది" అని గుంజి గుంజి అడిగారు, ఆమె గోడకు ఆనుకొని సిలిండరు వైపే చూస్తూ ఉండిపోయింది. దినాలు కాకముందే ఊళ్ళో మాట పుట్టింది, ముప్పొద్దులా మొగుని మంచం కాడ నిలబడ్డదంతా ఉత్త దొంగ ప్రేమేనని, అది గుండె కాదు బండరాయని. ఆమె సొంత చెల్లెలే ముఖం తిప్పుకుంది. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "నాకు ఆయన మీద పాయిరం, ప్రేమ లేకుండెనా సారూ? మంది అందరు అంటున్నరు, నాకే అనుమానమొస్తుంది" అని అడిగింది. అంతకాలం కాపురం చేసిన మనిషికి తన మనసు మీదే అనుమానం పుట్టించారు పాపిష్టివాళ్ళు. ఛ, అదేం లేదు వదినా అన్నాను. నా కళ్ళూ పొడిగానే ఉన్నాయి, కానీ మగవాణ్ణి గనుక నన్నెవరూ అడగలేదు.

ఇదంతా జరిగి రెండేండ్లు దాటింది. మొన్న ఆ పీట మీద కూర్చున్న వదిన ముందు సిలిండరు పైభాగం ఆరుతూ ఆరుతూ వచ్చి, నడుము కాడ తడి గీత తేలింది. ఆమె వేలితో ఆ గీతను తాకి, "ఆయన దానికి గిట్ల ఒక్కనాడన్న గీత రాకపాయె సారూ" అంది, అంతే, పెద్దగా ఏడ్చేసింది. అలవాటు లేని ఏడుపు, శోకంలో పెట్టే వరసలేవీ లేవు. కోడలు బెదిరిపోయి ఊరుకోబెట్టబోతే వద్దని సైగ చేశాను. చాలాసేపటికి ముఖం కడుక్కొని వచ్చి, పాయిరం లేనిదాన్నయితే గిన్ని నీళ్ళు ఏడికెల్లి వస్తయని తనే అంది. ఊరికి పోయి ఎవరికైనా చెప్పుకోవాలని కూడా ఆమెకు లేదు.

ఇప్పుడు శోకం పెట్టే ఆడవాళ్ళూ తక్కువే, చావింట్లో కూడా జనం ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటున్నారు, ఏడువమని గుంజేవాళ్ళు లేరు, అది మంచికో చెడుకో నాకు తెలియదు. వదిన చల్లబడి నీరైంది, నేను ఇంకా హద్దుకు పైనే ఉన్నాను కాబోలు. ఆదివారం వస్తే మాత్రం ఇంటి ముందు కుర్చీ వేసుకొని, అడిగేవాడు లేకపోయినా, ఈ వారం ఏం పాఠం చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చుంటున్నాను.