క్షమించానని నాతో చెప్పని అక్క

సిస్టర్ చనిపోయిందన్న కబురు నాకు చెప్పింది మా లేబర్ క్యాంప్ బాస్. గదుల తాళాలూ, మెస్ హాలు తాళమూ నడుముకు కట్టుకుని తిరిగే మనిషి. రొట్టెల లైన్లో నా వెనక నిలబడి, "సిస్టర్ ఖలాస్ అంట" అన్నాడు. జెబెల్ అలీలో మేము డ్యూటీ అయిపోతే ఖలాస్ అంటాం. కంటైనర్లో సరుకు దిగిపోతే ఖలాస్ అంటాం. మనిషిని ఆ మాటతో ముగించడం అప్పుడే విన్నాను. అనేసి, ఇంకో రొట్టె వెయ్యమని ప్లేటు చాపాడు. ఆ రొట్టె అతని గొంతుకు అడ్డం పడాలని మనసారా కోరుకున్నాను. పడలేదు.

నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని. ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. పదిమందిని నవ్వించడం తప్ప నాకు వేరే విద్య రాదు. ఆ విద్య ఆమెకు ఏం చేసిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆమె మా క్యాంప్ పక్క క్లినిక్‌లో నర్సు. గోదావరి వైపు మనిషి. అందరికీ సిస్టర్, నాకు అక్క. మా మొదటి పరిచయం ఒక దొంగ జ్వరంతో జరిగింది. డ్యూటీ ఎగ్గొట్టాలని వేడి చాయ్ గ్లాసు నుదుటికి నొక్కి పట్టుకుని ఆమె ముందు కూర్చున్నాను. జ్వరం చూసే మిషన్ నుదుటికి పెట్టి చాలాసేపు చూసింది.

"నలభై మూడు చూపిస్తోంది తమ్ముడూ. నువ్వు చచ్చిపోయి గంటయ్యింది. బాడీని కార్గోలో పంపించాలి, ఇక్కడ సంతకం పెట్టు."

"చచ్చినోడు సంతకం ఎట్ల పెడతడక్కా?"

"చచ్చినోడు చాయ్ వాసన కూడా కొట్టడయ్యా. లే, డ్యూటీకి పో."

ఆ రోజు నుంచి ఆమె క్లినిక్‌కు నేను జబ్బు లేకుండానే వెళ్లేవాణ్ని.

ఆమెకు మనుషుల పేర్లు గుర్తుండేవి కావు. రక్తం గ్రూపులు గుర్తుండేవి. "ఓయ్ బి పాజిటివ్, ఎండలో నీళ్లు తాగావా? ఏబీ నెగెటివూ, నువ్వు పెళ్లి చేసుకుని ఊరెళ్లిపోకు, నాకు అవసరం" అని వరండాలోనే కేకలు వేసేది. ఎక్కడైనా రక్తం కావాలంటే గ్రూపు అరచేతిలో రాసుకుని సాయంత్రం మా గదుల వెంట తిరిగేది. అన్నం నిలబడే తినేది. కూర్చుంటే లేవబుద్ధి కాదని చెప్పేది. "ఇచ్చేది రేపటికల్లా ఒంట్లో మళ్లీ ఊరేదేనయ్యా. దానికింత బేరమా?" అని ఎగతాళి చేసేది.

కరోనా పూర్తిగా పోని రోజులవి. ఒక సెలవు రోజున స్టెమ్ సెల్, అంటే రక్తాన్ని పుట్టించే కణాలు, ఇచ్చే దాతల పేర్లు రాసుకునే వాలంటీర్లను వెంటబెట్టుకుని ఆమె మా మెస్ హాలుకు వచ్చింది. షార్జా అల్ నహ్దాలో ఒక తెలుగు వాళ్ల పాపకు ఒంట్లో రక్తం తయారు కావడం లేదట. బుగ్గ లోపల దూది పుల్ల తిప్పి ఇస్తే చాలు, ఎవరి కణాలు ఎవరికి కలుస్తాయో తర్వాత చూస్తారు. "మన వైపు వాళ్లకి మన వైపు వాళ్లవే కలిసే అవకాశం ఎక్కువ. అందుకే మీ దగ్గరికొచ్చాను. మీరు కాదంటే ఇంకెవరి దగ్గరికి పోనయ్యా?" అని బతిమాలింది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల కుర్రాళ్లు హాలు నిండా లైన్లో నిలబడ్డారు.

అప్పుడు నేను వచ్చాను. వాలంటీర్ల చేతుల్లో పుల్లలు చూశాను. ఆ రోజుల్లో పుల్ల అంటే మాకు ముక్కులో పెట్టే కరోనా పుల్లే. ఒక్కడికి పాజిటివ్ వస్తే గదిలో ఉన్నవాళ్లందరినీ లోపలే పెట్టి తాళం వేసేవాళ్లు. అందరికీ ఆ భయం ఉందని నాకు తెలుసు. తెలిసే, ఖాళీ ప్లేటు మీద గరిటెతో కొట్టి అరిచాను.

"భాగో రే! టెస్ట్‌వాలే ఆయే! పాజిటివ్ వస్తే పద్నాలుగు దినాలు కమ్రా బంద్!"

అంతే. కొందరు వంటగది తలుపులోంచి, కొందరు కిటికీలోంచి పారిపోయారు. ఒక వెల్డర్ నోట్లో రొట్టెతోనే పరుగెత్తాడు. క్యాంప్ బాస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. అక్క మాత్రం గది గదికీ తిరిగి తలుపులు కొట్టింది. ఎవరూ తియ్యలేదు. ఖాళీ హాల్లో పుల్లలు డబ్బాలో సర్దుకుంటూ, "ఎవడయ్యా అరిచింది?" అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ పాపను తర్వాత ఇండియా తీసుకెళ్లిపోయారు. ఏమైందో నేను అడగలేదు. అడిగితే నవ్వడం కష్టమవుతుందని తెలుసు.

రెండేళ్ల తర్వాత అక్కకే రక్తం కాన్సర్ వచ్చింది. ఉన్న ఒక్క తమ్ముడి కణాలు కలవలేదు. దాతల జాబితాలో కలిసే మనిషి దొరకలేదు. ఆ రోజు కిటికీ దూకినవాళ్లలో ఒకడివి కలిసేవేమో. కలిసేవి కావేమో. ఆ 'ఏమో' నా పళ్ల మధ్య ఇసుకలా ఉండిపోయింది.

ఆసుపత్రికి వెళ్లి ఆమె మంచం పక్కన నిలబడి చెప్పేశాను.

"అక్కా, ఆ దినం ఒర్లింది నేనే."

కళ్లు మూసుకునే ఉంది. "తెలుసులేవయ్యా. ఆ గొంతు క్యాంపులో ఇంకెవరికుంది?"

"నన్ను మాఫ్ చెయ్యక్కా."

"నిన్ను క్షమించేశానని దేవుడికి చెప్పుకుంటాను. నీతో మాత్రం చెప్పను. చెబితే నువ్వు హాయిగా నిద్రపోతావు."

మరుసటి రోజే క్యాంప్ బాస్ దగ్గరికి వెళ్లాను. హాలు ఒక్క పూట ఇవ్వమన్నాను.

"పోయినసారి భాగంభాగ్ అయింది యాది లేదా? మళ్ల గా లొల్లి నాకెందుకు? మేనేజర్ అడిగితే జవాబు నువ్విస్తవా?"

"నేనే ఇస్త. తాళం తియ్యి."

"నువ్వే కదరా ఒర్లింది! ఇప్పుడు పుణ్యాత్మునివైనవా?"

తాళం తియ్యలేదు. నేను ముగ్గురిని బతిమాలి, బస్సులో అల్ నహ్దాలో ఉండే వాలంటీర్ల దగ్గరికి తీసుకెళ్లి, వాళ్ల ముందు కూర్చోబెట్టాను. నేనూ నోరు తెరిచాను. అక్కడి అమ్మాయి నా కార్డు చూసి, "యాభై దాటింది అంకుల్. కొత్తగా రాసుకోవడానికి కుదరదు" అంది. పుల్ల చూసి అరిచిన రోజున నాకు నలభై తొమ్మిది. నా నోరు పనికొచ్చే రోజు ఒకటుండేది. దాన్ని నేను అరవడానికి వాడాను. ఆ ముగ్గురివీ కలవలేదు. ఆపైన అక్క ఎక్కువ రోజులు లేదు.

ఆదరణ కూడిక, అంటే పోయినవాళ్ల కోసం చర్చి వాళ్లు పెట్టే ప్రార్థన సభ, అల్ నహ్దాలోని ఒక హాల్లో జరిగింది. అక్క ముందే చెప్పి ఉంచిందట, భోజనాలకు ముందు వాలంటీర్ల టేబుల్ వెయ్యాలని. పాటలయ్యాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని మా క్యాంప్ బాస్ మైకు అందుకున్నాడు.

"సిస్టర్ మా క్యాంపుకు తల్లి లెక్క. ఆమె కోసం మేము ఏం జేయమన్నా జేసేటోళ్లం."

లేచాను.

"బాస్, నోరు గట్లనే తెరిచిపెట్టు. టేబుల్ ఈడనే ఉన్నది."

కొందరు నవ్వారు. అతను మైకు దించాడు. "ఇది మజాక్ చేసే జాగనారా?"

"మజాక్ నేను చేసిన. తాళం నువ్వేసినవ్. ఇద్దరం కలిసి చేసినం. నన్ను తీసుకోరు, వయసు దాటింది. నీకు నలభై రెండే. రా!"

నవ్వులు ఆగిపోయాయి. అందరూ అతని వైపే చూస్తున్నారు. నాకు కావలసింది సరిగ్గా అదే. చెమట కారుతున్న అతని మెడను చూసి, ఎన్నో నెలల తర్వాత నాకు ఆకలి వేసింది. ఇంతలో టేబుల్ దగ్గర, నాకు వయసు దాటిందని చెప్పిన అమ్మాయే లేచి నిలబడింది.

"వద్దంకుల్. సిగ్గుపడి ఇచ్చినవాళ్లు రేపు ఫోన్ చేస్తే ఎత్తరు. అప్పుడు ఆశ పెట్టుకున్న పేషెంట్ గతేంటి? సర్, మీరు ఇవ్వక్కర్లేదు. కూర్చోండి."

ఇన్నాళ్లు నూరుకున్న కత్తిని ఆ పిల్ల ఒక్క మాటతో లాగేసుకుంది. అతను కూర్చోలేదు. బయటికి పోతాడనుకున్నాను. పోలేదు. మైకు స్టాండుకు పెట్టి టేబుల్ దగ్గరికి నడిచాడు.

"ఫోన్ ఎప్పుడొస్తది బిడ్డా?"

"రేపు రావచ్చు. పదేళ్లకి రావచ్చు. అసలు రాకపోవచ్చు."

"వస్తే?"

"చాలాసార్లు రక్తం ఇచ్చినట్టే ఉంటుంది. కాకపోతే కొన్ని గంటలు పడుతుంది."

చాలాసేపు ఫారం చదివాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు. "రాస్త. ఫోనొస్తే ఎత్తుత గూడ. ఫస్టు వాణ్ని అవుతలికి పొమ్మను. వాడు సూస్తుంటే నేను నోరు తెరువ."

నేను బయటికి వెళ్లాను. అంతకంటే ఆనందంగా ఎవరి మాటా వినలేదు, అంతకంటే కోపంగానూ వినలేదు.

నా పగ తీరిందని ఎవరూ అనుకోవద్దు. ఆ రోజు పారిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటున్నాను. వెల్డర్ ఇప్పుడు అబూ ధాబీలో ఉన్నాడు. కిటికీ దూకిన ఇద్దరు సిరిసిల్లలో ఉన్నారు. పారిపోయినవాళ్లారా, మిమ్మల్ని బలవంతం చెయ్యను, ఆ అమ్మాయికి మాటిచ్చాను. కానీ మీ ఇంటికి వస్తాను. మీ చాయ్ తాగుతాను. అక్క గురించి మొత్తం చెప్తాను. మీరు అవునో కాదో నా ముఖం చూసి చెప్పేదాకా లేవను.

ఆ సాయంత్రం కంపెనీ బస్సులో జెబెల్ అలీకి తిరిగి వచ్చాం. క్యాంప్ బాస్ డ్రైవర్ వెనక సీట్లో, నేను చివర్లో. డ్రైవర్ అద్దంలో అతని ముఖం సగం కనిపిస్తోంది. పుల్ల తిప్పిన చోటును నాలుకతో వెతుక్కుంటున్నాడు. బుగ్గ ఒకసారి ఉబ్బుతోంది, తగ్గుతోంది, మళ్లీ ఉబ్బుతోంది.