బియ్యం బస్తాకూ నాకూ తేడా

రిటైర్మెంటుకు సరిగ్గా పదకొండు నెలల ముందు, ఒక ఏప్రిల్ మొదటి సోమవారం నాడు, నన్ను పదిహేను రోజుల డిప్యుటేషన్ మీద పంపుతూ ఆర్డరు వచ్చింది. అప్పటికి నేను వరంగల్‌లో బస్సు డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే స్కూల్లో సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌ని. అంతకుముందు తొమ్మిదేళ్లు బస్సు నడిపాను, ఆ పైన ఇరవై రెండేళ్లుగా నడపడం నేర్పుతున్నాను. పరకాల రోడ్డులోని కారు డ్రైవర్ల క్లబ్బులో భద్రతా పరిశీలకుడిగా పని చేయాలని ఆర్డరులో ఉంది. రెండుసార్లు చదివినా ఆ క్లబ్బు ఏమిటో, అందులో నేను పరిశీలించేది ఏమిటో బోధపడలేదు. మా ప్రిన్సిపాల్‌ను అడిగితే, పైనుంచి వచ్చింది సమ్మయ్యా, పోయి రా అన్నారు. ఆయనకూ తెలియదని అర్థమైంది.

ఆ క్లబ్బు వాళ్లు మూతబడ్డ గ్రానైట్ యార్డులో వంకరటింకరగా ఒక తారు ట్రాక్ వేశారు. ఒక చుట్టుకు, అంటే వాళ్ల భాషలో ల్యాప్‌కు, నిమిషం లోపే పడుతుంది. తొమ్మిది మలుపులు, మలుపుకో టైర్ల గోడ. డాక్టర్లు, లెక్చరర్లు, కాంట్రాక్టర్లు సొంత కార్లు తెచ్చుకుని పొద్దున ఆరింటి నుంచి ఎండ ముదిరేదాకా నడుపుతారు. ఎవరికీ ఇది బతుకుదెరువు కాదు, ఉత్త సరదా. కానీ ఈ సరదారాయుళ్లలో ఎవరైనా చెన్నైలో కొత్తవాళ్ల కార్ల పోటీకి పోవాలంటే క్లబ్బు సిఫారసు ఉత్తరం కావాలి. దానికి పరీక్ష ఉంది. కారులో ఒక్కడే కూర్చుని ఎనిమిది ల్యాప్‌లు నడపాలి. అన్నిటికన్నా వేగంగా తిరిగిన ల్యాప్‌కూ, అన్నిటికన్నా నిదానంగా తిరిగినదానికీ మధ్య రెండు సెకన్లకు మించి తేడా రాకూడదు. ఎంత వేగంగా పోయాడన్నది తర్వాతి సంగతి. ఎనిమిదిసార్లు ఒకేలా నడిపేవాడైతేనే పక్కన పోయేవాడికి ప్రమాదం లేదని వాళ్ల లెక్క. ఆ మాట నాకు నచ్చింది. పరీక్షకు ముందు పది గంటల సాధన ఒక పరిశీలకుడి సమక్షంలో జరగాలి, ఆయన సంతకం పెట్టాలి. ఆ పరిశీలకుణ్ని నేనే.

అసలు చెన్నై నుంచి ఒక ప్రొఫెషనల్ కోచ్ రావాలి. వేరే పని తగిలి ఆమె రాక పది రోజులు వెనక్కి పోయింది. దానికి క్లబ్బులో ఎవరూ బాధపడలేదు. క్లబ్బు సెక్రటరీ రవీందర్‌కు హన్మకొండలో విత్తనాల దుకాణం. బడికి పోయేనాటి నుంచీ స్టీరింగ్ పడుతున్న మాకు ఆమె వచ్చి నేర్పేదేంది సారూ అని నాతోనే అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది, కాకపోతే కారణం వేరు. నేనుండగా ఇంకొకరెందుకు అనుకున్నాను. ఎనభై దాటకుండా వేగానికి తాళం వేసిన బస్సు తప్ప మరోటి నడపనివాణ్ని, నాకు ఆ ధీమా ఎక్కడిదో ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

నాకు అప్పజెప్పిన మనిషి యాకూబ్. పరకాలలో ట్రాక్టర్ల రిపేరు షెడ్డు నడుపుతాడు. వరదలో మునిగి తుక్కు కింద పోతున్న చిన్న కారును తెచ్చి, రెండేళ్లు కూర్చుని తన చేతులతో బాగుచేసుకున్నాడు. పరీక్షలో అప్పటికే రెండుసార్లు తప్పాడు. క్లబ్బు నియమం ప్రకారం మూడోసారి తప్పితే మళ్లీ అవకాశం లేదు. పైగా సిఫారసు నలభై ఏళ్ల లోపు వాళ్లకే ఇస్తారు, అతనికి ముప్పై తొమ్మిది నిండాయి. డాక్టర్లకూ కాంట్రాక్టర్లకూ కార్లు బాగుచేసి ఇచ్చిన చేతులవి. ఒక్కసారి తన కారును తాను పోటీలో నడపాలన్నది అతని కోరిక. మొదటి రోజే ఈ సంగతంతా చెప్పి, ఇగ మీ దయ సారూ అన్నాడు.

హెల్మెట్ పెట్టుకుని ఎడమ సీట్లో కూర్చున్నాను. నాకు తెలిసిందే నేర్పాను. మలుపు వచ్చాక బ్రేకు వేయడం కాదు, వచ్చే ముందే వేగం దించాలి. మలుపులో ఉండగా బ్రేకు ముట్టుకోకూడదు. స్టీరింగ్ మీద చేతులు బిగించకూడదు. యాకూబ్ ఎదురు చెప్పేవాడు కాదు, ప్రశ్న వేసేవాడు కాదు. తన పనంతా ఒక ఉస్తాదు దగ్గర నేర్చుకున్నాడట. ఆ ఉస్తాదు నోరు విప్పి ఏదీ చెప్పేవాడు కాదని, చెయ్యి చూసి పట్టుకోవాల్సిందేనని అన్నాడు. మంచి శిష్యుడు దొరికాడని సంబరపడ్డాను. నాలుగో రోజుకల్లా ఎనిమిది ల్యాప్‌ల తేడా సెకనున్నరకు దిగింది. రిజిస్టరులో సంతకం పెట్టి, రేపటి నుంచి ఒక్కడివే నడుపు అన్నాను.

మర్నాడు ఒక్కడే నడిపితే తేడా ఏడు సెకన్లు. ఒక ల్యాప్‌లో మలుపుకు ఎంతో దూరాన బ్రేకు వేసి ఎడ్లబండిలా పోయాడు. తర్వాతి ల్యాప్‌లో అదే మలుపు దగ్గర నేరుగా టైర్ల గోడలోకి పోయాడు. దెబ్బ తగలలేదు గానీ బంపర్ ఊడింది. నేను మళ్లీ ఎక్కి కూర్చున్నాను, తేడా సెకనున్నర. దిగాను, ఆరు సెకన్లు. రెండు రోజులు ఇదే తంతు. నాకు తల తిరిగిపోయింది. స్టాప్‌వాచ్ చెడిపోయిందేమోనని ఇంకోటి తెప్పించాను, అదీ ఇదే చెప్పింది.

యాకూబ్ కారు పక్కన నేల మీద కూలబడ్డాడు.

"మీరు పక్కకుంటే బండి నా మాట ఇంటాంది సారూ. మీరు దిగంగనే ఇంటలేదు. నాకేం సమజైతలేదు."

నాకూ సమజ్ కాలేదు. అతనికి ఆ మాట చెప్పడానికి మాత్రం పెద్దరికం అడ్డొచ్చింది.

రవీందర్ ఆలోచించి, ఇదంతా బరువు సంగతి అన్నాడు. ఎడమ పక్క నా బరువుంటే కారు నేలను పట్టుకుంటోంది, లేకపోతే తేలిపోతోంది. వినడానికి సబబుగానే తోచింది. నన్ను కాటా మీద నిలబెట్టి, అంతే తూకం గల బియ్యం బస్తా తెచ్చి నా సీట్లో పెట్టి బెల్టు బిగించారు. ఎవరో దానికి నా హెల్మెట్ కూడా తొడిగారు. యాకూబ్ బస్తాతో బయలుదేరి, మూడో ల్యాప్‌లో బొంగరంలా తిరిగి, వచ్చిన దిక్కుకే ముఖం పెట్టి ఆగాడు. ఆ తర్వాత టైర్లలో గాలి తగ్గించి చూశారు, పెంచి చూశారు. నా బదులు ఒక లెక్చరర్‌ను కూర్చోబెట్టారు. లాభం లేకపోయింది. బస్తాకు, లెక్చరర్‌కు లేనిది సమ్మయ్య సారులో ఏముందని క్లబ్బంతా ఒకటే నవ్వులు. సారు హస్తవాసి మంచిదని ఒకరన్నారు. కారుకు నిమ్మకాయ కట్టమని ఇంకొకరన్నారు.

దాచడం ఎందుకు, లోపల్లోపల నాకు గర్వంగానే ఉండింది. కొన్నేళ్ల కింద నా దగ్గర నేర్చుకుని ఏటూరునాగారం రూటులో చేరిన ఒక డ్రైవరు బస్టాండులో కనబడి అన్న మాట గుర్తొచ్చింది. "మీరు పక్కకు లేకపాయె సారూ, మొదటి వారం బ్రేకు యాడ కొట్టాల్నో తెలుస్తలేకుండె." ఆ మాటను ఇంట్లో నా భార్యకు కూడా చెప్పుకున్నాను. గురువంటే అట్లా ఉండాలనుకున్నాను.

పదకొండో రోజు కోచ్ వచ్చింది. పేరు హేమ, ముప్పై అయిదేళ్లుంటాయి. పదేళ్లు పోటీల్లో నడిపి, ఆ తర్వాత కోచింగ్‌లోకి వచ్చిందట. నెల్లూరు వైపు నుంచి చెన్నైలో స్థిరపడ్డ కుటుంబం. జరిగిందంతా రవీందర్ బస్తాతో సహా చెప్పాడు. ఆమె నవ్వలేదు, స్టాప్‌వాచ్ కూడా అడగలేదు. యాకూబ్‌నూ నన్నూ ఎప్పటిలాగే కూర్చోమని, తాను వెనక సీట్లో కూర్చుంది. సగం వేగంతో మూడు ల్యాప్‌లు తిప్పించింది. కారు ఆగాక, ప్రతి మలుపు ముందూ నీ హెల్మెట్ ఎడమకు వంగుతోంది, బ్రేకు వేసే ముందు దేన్ని చూస్తున్నావని యాకూబ్‌ను అడిగింది.

యాకూబ్ నా కాలి వైపు వేలు చూపించాడు.

"సారు మోకాలు, మేడం. అది లేవంగనే నేను బ్రేకు కొడ్త."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా మోకాలు ఎందుకు లేస్తుంది? శిక్షణ బస్సులో ఇన్‌స్ట్రక్టర్ సీటు దగ్గర రెండో బ్రేకు పెడల్ ఉంటుంది. నేర్చుకునేవాడు ఆలస్యం చేస్తే ఇన్‌స్ట్రక్టర్ దాన్ని తొక్కి బస్సు ఆపుతాడు. ఈ కారులో అట్లాంటిది లేదు. లేని బ్రేకును నేనెట్లా తొక్కుతానని కాస్త కోపంగానే అడిగాను. ఆమె వాదించలేదు. ఒక ఖాళీ ప్లాస్టిక్ నీళ్ల సీసా తెచ్చి నా కుడి పాదం ముందు పెట్టి, ఇంకో ల్యాప్ పోదాం సార్ అంది.

కాలు కదపకూడదని గట్టిగా నిశ్చయించుకుని కూర్చున్నాను. మొదటి మలుపు ముందు సీసా పటపటమంది. రెండో మలుపు ముందు మళ్లీ. తొమ్మిది మలుపులు అయ్యేసరికి అది నా బూటు కింద చపాతీ అయ్యింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇన్ని రోజులు అందరం బస్తాలో వెతికింది నా బూటు కింద ఉంది. క్లబ్బు వాళ్లు నవ్వుతుంటే నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. మోకాలు చూశావని యాకూబ్ మీద కోపగించుకుందామన్నా న్యాయం కాదు. ఉస్తాదు చెయ్యి చూసి నేర్చుకున్నవాడు నా కాలు చూసి నేర్చుకున్నాడు.

మిగిలిన రోజుల్లో హేమ చేసింది నేను పక్కనుండి చూశాను. మొదటి పూట కారే ముట్టనివ్వలేదు. యాకూబ్‌ను కాలినడకన ట్రాక్ అంతా తిప్పింది. ప్రతి మలుపు ముందు ఆగి, ఇక్కడ బ్రేకు వేయడానికి నీకో గుర్తు వెతుక్కో అంది. తాను ఏదీ చూపించలేదు. తారు మీద మరక, కరెంటు స్తంభం, తెల్లరంగు పూసిన టైరు, ఇట్లా తొమ్మిది గుర్తులు అతనే ఏరుకున్నాడు. నడిపేటప్పుడు వాటిని పైకి చెప్పమంది. మరక, స్తంభం, టైరు అంటూ అతను అరుస్తూ నడుపుతుంటే చూసేవాళ్లకు పిచ్చిగానే ఉండింది. మొదట్లో ఆమె పక్కన కూర్చుంది, రెండు కాళ్లూ సీటు కిందికి ముడుచుకుని. ఆఖరి రెండు పూటలు దిగిపోయింది. యాకూబ్ కూర్చోమని బతిమాలాడు. ఆమె ఎక్కలేదు. ఆ దిగిపోవడం కూడా కోచింగులో భాగమేనా అని అడిగాను. అన్నిటికన్నా కష్టమైన భాగం అదే సార్ అంది.

పదిహేనో రోజు పొద్దున పరీక్ష. నేను టైర్ల గోడ వెనక నిలబడ్డాను. ఏడు ల్యాప్‌లు సాఫీగా పోయాయి. ఎనిమిదో ల్యాప్‌లో ఎక్కడిదో కుక్క అంచు దాకా వచ్చి వెనక్కి పోయింది. కారు ఒక్క క్షణం తడబడింది. నా చేయి నా మోకాలును పట్టుకుని ఉందని అప్పుడు చూసుకున్నాను. కారు స్తంభం దగ్గర బ్రేకు వేసి మలుపు తిరిగింది. మొత్తం మీద తేడా ఒకటి పాయింట్ ఎనిమిది సెకన్లు. పాసయ్యాడు. ఒక విచిత్రం చెప్పాలి. నేను పక్కనున్న రోజుల కంటే ఆ రోజు ప్రతి ల్యాపూ కాస్త నిదానమే. ట్రాక్ ముఖమే ఎరగని నా మోకాలుకు బ్రేకు వేసే చోటు అతనికంటే బాగా ఎట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. హేమను అడిగితే, అది మీ విద్య సార్, అతనిది కాదు అంది.

యాకూబ్ హెల్మెట్ తీసి నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"ఏమనుకోకుండ్రి సారూ. ఇయ్యాల మీ మోకాలు యాదికే రాలే."

ఏమీ అనుకోలేదని చెప్పాను. అది నిజం కాదు. సంతోషమే, కానీ ఎక్కడో గుచ్చుకుంది. ఆ రాత్రి అన్నం తింటుంటే ఏటూరునాగారం డ్రైవరు మాట మళ్లీ గుర్తొచ్చింది. పొగడ్త అనుకుని ఇన్నేళ్లు దాచుకున్నది ఫిర్యాదు.

స్కూలుకు తిరిగి వెళ్లేసరికి పన్నెండు మంది బ్యాచ్ ఆఖరి వారంలో ఉంది. రోడ్డు మీద ఇన్‌స్ట్రక్టర్ సీటు ఖాళీగా ఉంచకూడదన్నది రూలు. స్కూలు గ్రౌండులో ఆ రూలు లేదు. గ్రౌండులో ఒక తెల్ల గీత గీయించి, నేను బస్సు దిగి ఆ గీత దగ్గర నిలబడ్డాను. ఒక్కొక్కరినే వచ్చి ముందు చక్రం గీత మీద ఆపమన్నాను. ఏడుగురు ఆపారు. నలుగురు గీత దాటిపోయారు, ఒకడు పది గజాల ముందే ఆగి నా వైపు చూశాడు. ఈ అయిదుగురికీ డిప్యుటేషన్‌కు వెళ్లక ముందే రిజిస్టరులో బ్రేకు అన్న గడిలో 'బాగుంది' అని రాసి సంతకం పెట్టి ఉన్నాను.

ఈ వృత్తిలో నేర్చుకునేవాణ్ని గమనించడం సగం పని. వాడి పక్కన మనమేం చేస్తున్నామో గమనించడం మిగతా సగం, దానికి చాలాసార్లు ఇంకొకరి కన్ను కావాలి. ప్రొఫెషనల్ కోచ్ ఎందుకని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. నేర్పినవాడు దిగిపోయాక బండిలో మిగిలిందే విద్య. సంతకం దాన్ని చూశాక పెట్టాలి.

ఆ అయిదుగురికీ ఇంకో వారం శిక్షణ పొడిగించాను. పొడిగిస్తే రిజిస్టరులో 'లోపం ఎవరిది' అన్న గడి నింపాలి. ఇరవై రెండేళ్లు ఆ గడిలో ట్రెయినీ పేరే రాశాను. ఆ రోజు అయిదు గళ్లలోనూ నా పేరు రాశాను.