ఇద్వల్ బాబాయి చెవుడు

మా ఇద్వల్ బాబాయికి చెవుడు. ఆ చెవుడు ఆయనొక్కడి బాధ కాదు. వేల్స్ కొండల్లో, మా పలకరాతి గనుల ఊళ్లో ప్రార్థనా మందిరానికొచ్చే పాతికమందికీ ఉమ్మడి బాధ. ప్రసంగం మంచి పట్టులో ఉండగా ముందు బెంచీలోంచి లేచి, కొండ పేల్చినట్టు అరిచేవాడు: “అయ్యగారూ! తప్పిపోయిన గొర్రె దాకా వినబడింది. కాపరి కొండెక్కాక ఏమైందీ?”

పాస్టర్ తెగ్విన్ గారు ఓ క్షణం బిత్తరపోయి, “ఆ... కాపరి కొండెక్కాక...” అని అందుకునేవారు. ఆర్గన్ దగ్గర నేను నవ్వాపుకోలేక పెడల్ తొక్కేసేదాన్ని. అది బుయ్యిమనేది.

ఆగని వాన, మూసేసిన గని, నెల తిరిగేసరికి ఓ శవపేటిక. నవ్వుకోడానికి మాకు మిగిలింది ఆ చెవుడొక్కటే.

“చెవిలో మిషను పెట్టించుకో అన్నా!” అనేవాడు సంఘపెద్ద మైరిగ్.

“మిషనా? గని మూసేశాక ఇంకా మిషన్లెక్కడివిరా?”

మగవాళ్ల పాటల బృందానికీ మైరిగ్గే పెద్ద. “చెవిటివాణ్ణి పెట్టుకుంటే శ్రుతి ఏం కాను?” అని ఒకనాడు బాబాయిని తీసేశాడు. మా లోయలో అంతటి గంభీరమైన గొంతు మరొకటి లేదు. అయినా బాబాయి అభ్యాసం జరిగినప్పుడల్లా గోడవతల వానలో తడుస్తూ నిలబడేవాడు.

ఒక మధ్యాహ్నం ఖాళీ మందిరంలో వాయించుకుంటుంటే నా వేలు జారింది. గుమ్మం ఊడుస్తున్న బాబాయి తలెత్తకుండానే, “ఆ స్వరం తగ్గింది నెస్టా,” అన్నాడు.

“బాబాయ్, మీకు వినబడిందా?” గుసగుసగా అడిగాను.

“వినబడింది. నోరు మూసుకో.”

చీపురు గోడకానించి, వచ్చి నా పక్కన కూలబడ్డాడు. “అయ్యగారికి మతి జారిపోతోందమ్మా. వాక్యం సగంలో తప్పిపోతున్నారు. దారి నేనందించకపోతే అందరి ముందూ అలా నిలబడిపోతారు.”

“దానికోసం పాటే వదిలేసుకున్నారా?”

“మా తమ్ముడు గెథిన్ మీద గనిలో కొండ విరిగిపడ్డప్పుడు, పైకప్పు ఇంకా రాలుతూనే ఉంది. లోపలికి పాకిందెవరు? ఈయనే. వాడి ఊపిరి ఆగేదాకా చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి ఇప్పుడు నేనొదలమంటావా?”

చలికాలంలో ముసలి బ్రోన్వెన్ పోయింది. శవపేటిక ముందు నిలబడి అయ్యగారు నిండుగా నవ్వి, “పెళ్లికూతురు ఇంకా రాలేదేం?” అన్నారు.

బ్రోన్వెన్ కొడుకు తల దించుకున్నాడు. బాబాయి లేచాడు. ఈసారి అరవలేదు. ముందుకెళ్లి, అయ్యగారి చెయ్యి పట్టుకుని, “మీరు చాలా చెప్పారు అయ్యగారూ. ఇక కూర్చోండి, మేం పాడతాం,” అన్నాడు. ఆర్గన్ కోసం ఆగకుండా కీర్తన ఎత్తుకున్నాడు. ఆ గొంతు వెంట్రుకవాసి కూడా తప్పలేదు. మైరిగ్ నోరు తెరిచినవాడు మూయలేదు. కాసేపటికి ఆ నోట్లోంచి కూడా పాటే వచ్చింది, ఏడుపు గొంతుతో.

మర్నాడు బాబాయే అయ్యగారింటికి వెళ్లాడు. “నిజం చెప్పకపోతే నేను మీవాణ్ణి కాను. ఇక ప్రసంగవేదిక దిగండి,” అన్నాడట. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారట. తర్వాత టీ తాగారట.

ఇప్పుడు పక్క లోయనుంచి ఒక పడుచు పాస్టరమ్మ వస్తోంది. అయ్యగారు బాబాయి పక్కనే కూర్చుని, ఆయన భుజమ్మీద తలవాల్చి హాయిగా నిద్రపోతారు. ఆ భుజం తిమ్మిరెక్కినా బాబాయి కదలడు.

మొన్న మెట్లు దిగుతూ అయ్యగారు అడిగారు: “ఇవాళ నేను బాగా చెప్పానా ఇద్వల్?”

“అద్భుతం అయ్యగారూ. ఒక్క మాట తడబడితే ఒట్టు!”

వెనకాలే వస్తున్న పాస్టరమ్మ నవ్వింది. “అవునండీ,” అంది, “నేనూ విన్నాను.”