ఆముదం తాగిన గ్రిప్పర్

మంచుకొండల్లోని సైనిక పోస్టుకు చేరేసరికి పగలు పదకొండు. ఎండ ఉంది, వేడి లేదు. థర్మామీటరు మైనస్ పద్దెనిమిది చూపిస్తోంది. మంచు మీద నాలుగు ఫైబర్ గుడిసెలు, ఒక జనరేటరు. ఆ జనరేటరు నా డ్యూటీ. మాది గుంటూరు వైపు పత్తి నేల. డిప్లొమా చదివి సైన్యంలో మెకానిక్‌గా చేరాను. అంతకుముందు నేను చూసిన మంచు కూల్‌డ్రింకు షాపు ఫ్రీజర్‌లోదే.

పోస్టులో ఇంకో తెలుగువాడు రేడియో ఆపరేటరు. ప్రకాశం జిల్లా. వాళ్లమ్మ మిరప కోతకు వెళ్లే కూలీ. నేను నోరు విప్పగానే నన్ను పట్టేశాడు.

"ఏరా, కారం తెచ్చావా?"

"తెచ్చానన్నా."

"అయితే బతుకుతావులే."

మూడో వారంలో గాలి యాంటెన్నాను పడగొట్టింది. అతనే వెళ్లి నిలబెట్టాడు. వైరు బిగించడానికి కుడి చేతి గ్లవ్ తీయాల్సి వచ్చింది. రేడియో లింకు దొరికింది. వేళ్లు మాత్రం తెల్లగా పాలిపోయాయి. మా పోస్టు వైద్య సహాయకుణ్ణి అందరం డాక్టర్ సాబ్ అనేవాళ్లం. ఆయన వేళ్లను కాపాడాడు. పుండ్లు మానాయి, పట్టు రాలేదు. అప్పుడు ఒక హ్యాండ్ గ్రిప్పర్ చేతిలో పెట్టాడు.

"రోజూ రెండు పూటలా నొక్కు. హెలికాప్టరు వచ్చేముందు పరీక్ష పెడతాను. రెండు పిడులూ పదిసార్లు తాకాలి. తాకకపోతే కిందికి పంపేస్తాను. రేడియో ఇంకొకరికి ఇస్తారు."

గ్రిప్పర్ చిన్న యంత్రం. రెండు పిడులు, వాటిని కలిపే ఇరుసు, ఒక స్ప్రింగు, బిగువు మార్చే మర. చెడిపోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. అయినా అతని నొక్కుడు రోజురోజుకూ తగ్గింది. హెలికాప్టరు ఎల్లుండి వస్తుందనగా దాన్ని మంచం మీదికి విసిరేశాడు.

"అయిపోయిందిరా. నిన్నటికన్నా ఇవాళ గట్టిగా ఉంది. చెయ్యి చచ్చిపోతోంది."

నేను తీసి నొక్కాను. నా చేతికీ గట్టిగానే ఉంది. వదిలాను. పిడులు టక్కున విడిపోవాలి. మెల్లగా, బద్ధకంగా విడిపోయాయి. లోపం చేతిలో అయితే వదిలాక కూడా ఎందుకు ఆగుతుంది? ఇరుసు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను.

"అన్నా, దీనికేం రాశావ్?"

"ఆముదం. అమ్మ పంపింది. కాయ కోతకు పోయేముందు చేతులకు రాసుకోమా? చేతికి రాసి, దీనిక్కూడా రాశా. బిగుసుకునేకొద్దీ ఇంకాస్త పోశా."

మిరప నేలలో ఆముదం అన్నింటికీ మందే. అరచేతి మంటకు, తలకు, బండి ఇరుసుకు. ఆ చలిలో అది చిక్కబడి జిగురైంది. పోసిన ప్రతి చుక్కా బిగువును పెంచింది.

"మా అమ్మ నూనెకే వంకలు పెడతావేంట్రా?"

"అమ్మ నూనె చేతికన్నా. ఇనుముకు కాదు."

ఇరుసు పిన్ను కొట్టి తీశాను. విడిభాగాలన్నీ కిరసనాయిల్‌లో కడిగి, గుడ్డతో తుడిచి, పొయ్యి దగ్గర ఆరబెట్టాను. పెన్సిలు ములుకును బ్లేడుతో పొడి చేసి పిన్నుకు, రంధ్రానికి, స్ప్రింగు చుట్లకు రుద్దాను. ఆ పొడి ఎంత చలికీ గట్టిపడదు. పిడులకు జిడ్డు లేకుండా చూశాను, లేకపోతే చెయ్యి జారుతుంది. మర జోలికి మాత్రం పోలేదు. దాన్ని వదులు చేస్తే అది పరీక్ష కాదు. వాడిన ప్రతిసారీ చెమట తుడవమని చెప్పాను. చెమటలోని ఉప్పు స్ప్రింగును తింటుంది.

"ఇప్పుడు నొక్కన్నా."

నొక్కాడు. పిడులు తాకలేదు గానీ దగ్గరికి వచ్చాయి. వదిలితే టక్కున విడిపోయాయి. ఆ చప్పుడు విని నవ్వాడు. ఆ రోజూ మర్నాడూ గుడిసెలో అదే చప్పుడు.

పరీక్షప్పుడు డాక్టర్ సాబ్ ముందు మర చూసుకున్నాడు. తర్వాత లెక్క మొదలుపెట్టాడు. ఎనిమిది. తొమ్మిది. పదోసారి పిడులు మెల్లగా, చాలా మెల్లగా వచ్చి తాకాయి.

"చాలు," అన్నాడు డాక్టర్ సాబ్.

"ఇది మా తమ్ముడికి సాబ్," అని నన్ను చూపించి పదకొండోసారి నొక్కాడు.

ఆ హెలికాప్టరు అతన్ని ఎక్కించుకోకుండానే కిందికి వెళ్లిపోయింది.

డ్యూటీ ముగిసి నేను ఇంటికి వచ్చేటప్పుడు ఖాళీ ఆముదం సీసా ఇచ్చి పంపాడు. వాళ్ల ఊళ్లో మిరప కల్లంలో వాళ్లమ్మ కాయలు ఏరుతోంది. నూనెతో మెరుస్తున్న చేతులతోనే సీసా అందుకుంది.

"మావాడి చెయ్యి ఎట్టా ఉందయ్యా?"

"గట్టిగా ఉందమ్మా. రేడియో ఇంకా అన్న చేతిలోనే ఉంది."

"నూనె పనికొచ్చిందా?"

"చేతికి రోజూ రాసుకున్నాడమ్మా. చుక్క మిగల్లేదు."

ఆమె పక్కనున్న కూలీల వైపు తిరిగి, "విన్నారా?" అంది గట్టిగా.

ఇప్పుడు నేను మా ఊరి దగ్గర వ్యాయామశాలలో పరికరాలు చూసుకుంటున్నాను. ఇక్కడి వేడికి మామూలు మిషను నూనె చాలు. అయినా గ్రిప్పర్ తెరిచినప్పుడల్లా ఆ చెయ్యే కనిపిస్తుంది. పరీక్ష నెగ్గి, చేతికి ఆముదం రాసుకుని, నేరుగా రేడియో ముందు కూర్చున్నాడు. అరచేతిలో ఆముదం మెరుపు, వేళ్ల మీద పెన్సిలు నలుపు. మాట్లాడేటప్పుడు నొక్కిపట్టే మీట మీద బొటనవేలు బిగిసి ఉంది. చివరి మాటదాకా అది కదల్లేదు. వదలగానే అవతలివాడు "విన్నాను" అన్నాడు.