ముందుసీటు

చరిత్రకెక్కవలసిన ఘట్టమొకటి రోజూ ఉదయం ఎనిమిదింటికి జరుగుతుంది: రిటైరైన బస్సు డ్రైవరు తన పాత కారు ముందుసీటు తుడుస్తాడు. తర్వాత కొండబాట వచ్చి రోడ్డులో కలిసేచోట కారాపి, నెలల తరబడి నడిచే యాత్రికులను ఊళ్లో ఉచితంగా దింపుతానని బతిమాలుతాడు. భార్య పోయాక ఆయనతో మాట్లాడేది వాళ్లే. ఆరు రోజులుగా ఒక్కరూ రాలేదు. గొంతు తుప్పుపట్టిందేమోనని అద్దంలో తననే పలకరించుకున్నాడు.

ఏడోనాడు ఒకమ్మాయి సంచి మోసుకుంటూ కొండ దిగింది. "నీ కాళ్లకు దణ్ణం పెడతా, ఎక్కమ్మా." "వద్దు బాబాయ్. చక్రాల బండెక్కితే మూడు నెలల నడకా బూడిదలో పోసిన పన్నీరే." "పోనీ, సంచైనా ఎక్కించు." "అది ఎక్కితే నేనెక్కినట్టే." ఆయన కారద్దం దించి, ఆమె పక్కనే కారు నడుపుతూ, భార్యకు వచ్చిన మొదటి దగ్గు దగ్గరనుంచి చెప్పుకొచ్చాడు. ఆమె ఊకొడుతూ నడిచింది. ఊరు ఎనిమిది కిలోమీటర్లు. కారు మొదటి గేరు దాటలేదు.